పట్టీలో లేని పేరు

నేను తయారుచేసిన పట్టిక గోడెక్కింది. మైదా లై పూసి, నాలుగు మూలలా గట్టిగా ఒత్తి మరీ అంటించారు. చదివిన చదువు పదిమందీ చూసే గోడమీద కనిపిస్తే ఎవరికైనా సంతోషం కలగాలి. నాకు మాత్రం ఆ సోమవారం పొద్దున ఒళ్ళు మండిపోయింది.

మా చేనేత సంఘం షెడ్డులో ప్రతి సోమవారం ఒక పట్టీ అంటిస్తారు. ఆ వారం ఎవరికి నూలు ఇస్తారో వాళ్ళ పేర్లు అందులో ఉంటాయి. పేరుంటే నూలుంది, పేరు లేకపోతే లేదు. షెడ్డు కట్టినప్పటి నుంచీ ఇదే పద్ధతి. ఆ గోడకు ఇంకే కాగితమూ అంటించరు. అందుకని అక్కడ ఏ కాగితం కనిపించినా మావాళ్ళు చదివే తీరు ఒక్కటే. ముందు తమ పేరు ఉందా లేదా అని వెతుక్కుంటారు, ఉంటే ఊపిరి పీల్చుకుని పనిలోకి పోతారు.

షెడ్డులో మగ్గాలు పది. నా పట్టికలో పేర్లు తొమ్మిది. లేని పేరు కొండవ్వది.

కొండవ్వ నాకు మేనత్త. యాభై ఎనిమిదేళ్ళు. ఒకటో నంబరు మగ్గం ఆమెది, ఎందుకంటే షెడ్డు తెరిచిన రోజు అందరికన్నా ముందు మగ్గం కింది గుంటలోకి దిగి కూర్చున్నది ఆమే. మామ భివండి వెళ్ళి, పవర్‌లూముల మోతకు చెవులు పోగొట్టుకుని తిరిగొచ్చాడు. ఆమె మాత్రం సిద్దిపేట కదల్లేదు, గొల్లభామ చీర వదల్లేదు. తలమీద కుండ పెట్టుకుని అంచు పొడవునా నడిచే ఆ చిన్న ఆడమనిషి బొమ్మ ఉందే, దాన్ని నెయ్యాలంటే రంగు పోగులు ఒక్కొక్కటే చేత్తో ఎక్కించాలి. షెడ్డులో మిగతావాళ్ళు వీలైనంత వరకు దాని జోలికి పోరు. సాదా చీర ఇవ్వమని అడుగుతారు. వాళ్ళు వద్దన్న గొల్లభామలన్నీ మా అత్త మగ్గానికే వస్తాయి.

గోడ దగ్గర గజేందర్ అందరికీ చాయ్ పోయిస్తున్నాడు. గజేందర్ మా సంఘం అధ్యక్షుడు లింగమూర్తికి అల్లుడు. మిరుదొడ్డి నుంచి వచ్చి పదో నంబరు మగ్గం మీద కూర్చున్నాడు. పట్టికలో అతని పేరు పక్కన 2.6 అని ఉంది. తొమ్మిది మందిలోనూ అదే పెద్ద అంకె.

"నేనే ఫస్టు, ప్రసూనా! రెండు పాయింట్ ఆరు! చాయ్ తీస్కో. అంత నీ కంప్యూటర్ పుణ్యమే," అన్నాడు.

నేను కప్పు తీసుకున్నాను. ఆ 2.6 మార్కులు కావు, తప్పులు. ఆ మాట నోటిదాకా వచ్చింది. అతని ముఖంలో ఉన్న సంతోషం చూసి అక్కడికక్కడే చెప్పలేకపోయాను. చాయ్ చల్లారిపోయింది.

ఆ పట్టిక ఎలా పుట్టిందో చెప్పాలి. నేను ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదివాను. మధ్యాహ్నాలు డిగ్రీ కాలేజీలో గెస్టు లెక్చరర్‌ని, పొద్దున పూట సంఘంలో కంప్యూటర్ పని. హైదరాబాదులో ఒక చీరల దుకాణం వాళ్ళు ఎగ్జిబిషన్ పెడుతూ గొల్లభామ చీరలు కావాలన్నారు. నేసినవాళ్ళ ఫోటో, పేరు చీర పక్కనే పెడతామన్నారు. ఒకటే షరతు, తప్పులు తక్కువ చేసే చేతికే ఆ పని ఇవ్వాలి. లింగమూర్తి కాక నన్ను పిలిచి, "కంప్యూటర్ల ఏస్తే ఎవరిది మంచి చెయ్యో తెలుస్తదా?" అని అడిగాడు. "ఎందుకు తెల్వది కాకా" అని గొప్పగా అన్నాను. ఆ గొప్పకు తర్వాత బాగానే అనుభవించాను.

మా దగ్గర చీర మగ్గం దిగగానే పెద్దయ్య తాత దాన్ని బల్లమీద పరిచి చూస్తాడు. తెగిన పోగు, తప్పిన పేక, మరక, ఏది కనిపించినా లెక్కపెట్టి రిజిస్టరులో రాస్తాడు. మగ్గం నంబరు, చీర రకం, నెల కూడా రాస్తాడు. రెండు వందల చీరల వివరాలు దొరికాయి. చీరకు ఎన్ని తప్పులు వస్తాయన్నది మూడింటి మీద ఆధారపడుతుందని లెక్క వేశాను. ఎవరు నేశారు, సాదానా గొల్లభామనా, ఎండాకాలమా కాదా. ఎండాకాలంలో గాలి పొడిబారి నూలు ఊరికే తెగుతుంది, అప్పుడు ఎవరు నేసినా తప్పులు పెరుగుతాయి. ఈ మూడింటినీ విడదీసి చూపించే లెక్కనే రిగ్రెషన్ అంటారు.

మనిషి పేరు అంకె కాదు కదా, దాన్ని లెక్కలో ఎలా పెట్టాలి? ఒక మనిషిని పక్కన నిలబెట్టి, అదే రకం చీర అదే కాలంలో నేస్తే మిగతావాళ్ళకు ఆ మనిషికన్నా ఎన్ని తప్పులు ఎక్కువో తక్కువో రాస్తాం. ఆ తేడాకే గుణకం అని పేరు. నిలబెట్టిన మనిషికి పట్టికలో వరుస ఉండదు, తనకూ తనకూ మధ్య తేడా ఏమని రాస్తాం? ఎవరిని నిలబెట్టాలో నేను చెప్పలేదు. చెప్పకపోతే సాఫ్ట్‌వేర్ మొదటి నంబరును తీసుకుంటుంది. మొదటి నంబరు మా అత్త.

మిగతా తొమ్మిది మందికీ ప్లస్ వచ్చింది. అంటే తొమ్మిది మందీ ఆమెకన్నా ఎక్కువ తప్పులు చేసేవాళ్ళే. అందరికన్నా ఎక్కువ చేసేవాడు గజేందర్, చీరకు 2.6 అదనం. ఇదంతా, పేర్లు మాత్రం తెలుగులో పెట్టి, ఆరు పేజీల ఇంగ్లీషులో రాసి లింగమూర్తి కాక బల్లమీద పెట్టాను. ఆయన ఐదు పేజీలు పక్కన పడేసి, పేర్లున్న పేజీ ఒక్కటి చింపుకున్నాడు.

కప్పు కింద పెట్టి ఆఫీసు గదిలోకి వెళ్ళాను.

"కాకా, గా కాయిదం తీసెయ్యుండ్రి. గది నూలు పట్టీ కాదు."

"ఎందుకు కాదమ్మా? పేర్లున్నయ్, నంబర్లున్నయ్."

"గవి తప్పులు. గజేందరన్నకు అందరికన్న ఎక్కువ తప్పులని దానర్థం. కొండవ్వత్త పేరు ఎందుకు లేదంటే, అందర్ని ఆమెతోనే పోల్చినం."

లింగమూర్తి కాక నవ్వాడు. దొంగ నవ్వు కాదు. ఆయన దొంగ కాదు, అదే నాకు వచ్చిన చిక్కు. దొంగయితే నా పని తేలికయ్యేది.

"మీ అత్త కాబట్టి జెప్తున్నవ్. సరే, కంప్యూటర్ను పక్కన పెడుదాం. నేను పెద్దయ్యతోని సగటు గూడ తీయించిన. కొండవ్వ వదినె చీరకు ఐదు తప్పులు. మా గజేందర్ చీరకు నాలుగుంపావు. నా పెన్సిలు గదే చెప్పింది, నీ కంప్యూటర్ గదే చెప్పింది."

"అత్త నేసిన ఇరవై చీరలల్ల పద్దెనిమిది గొల్లభామలు. సగం ఎండకాలంల నేసినయ్. గజేందరన్న నేసిన ఇరవైల గొల్లభామలు రెండే. ఎండకాలంల నేసినయ్ గూడ రెండే. గొల్లభామ నేస్తె ఎవరికైన మూడు తప్పులు ఎక్కువనే వస్తయ్ కాకా. ఆమెను గుట్ట ఎక్కిచ్చి, ఈయనను రోడ్డుమీద నడిపిచ్చి, ఎవరికి ఆయాసం ఎక్కువని అడుగుతున్రు మీరు."

"ఏది నేసినా తప్పు తప్పే గదమ్మా," అన్నాడు ఆయన. తర్వాత గొంతు తగ్గించాడు. "వదినెను నేనేం ఎల్లగొడ్తలేను. ఉన్న పడుగు అయిపోంగనే ఒకటో మగ్గం గజేందర్‌కిస్త, ఎగ్జిబిషన్ చీరలు ఆడు నేస్తడు. వదినె కండెలు చుట్టుకుంట కూచుంటది. వయసు గూడ అయ్యింది."

కండెలు చుట్టడం! నలభై ఏళ్ళు నేసిన మనిషిని దారం చుట్టే పనికి దింపి, దాన్ని దయ అనుకుంటున్నాడు. నేను ఆ కాగితం చింపేస్తానన్నాను. సంఘం కాగితం చింపితే ఊరుకోనన్నాడు. అది నేను రాసిన కాగితమన్నాను. రాసింది నువ్వే, మరి ఇప్పుడెందుకు మాట మారుస్తున్నావన్నాడు.

గదిలోంచి బయటికి వచ్చేశాను. తప్పు ఆయనొక్కడిదే అయితే ఎంత హాయిగా తిట్టి వచ్చేదాన్ని. ఇంగ్లీషు చదవలేని వాళ్ళకు ఆరు పేజీల ఇంగ్లీషు ఇచ్చింది నేను. పక్కన ఎవరిని నిలబెట్టావని ఆ పేజీలో ఒక్క ముక్క రాయనిదాన్ని నేను. మా అత్త పేరు గోడమీద లేకుండా చేసింది నా బద్ధకమే. నాకు సిగ్గుగా ఉంది, ఆ సిగ్గు కోపంగా బయటికి వస్తోంది.

అత్త మగ్గం గుంటలో కూర్చుని నేస్తోంది. నాడె అటూ ఇటూ పోతూనే ఉంది. ఆమెకు తన పేరు గుర్తుపట్టడం వచ్చు, అంతకు మించి చదువు రాదు.

"పేరు లేదంట గదనే," అంది, తలెత్తకుండా.

"లేదత్తా. తప్పు నాది."

"నీ తప్పు సంగతి తర్వాత జెప్పు. నా తప్పేందో ముందుగాల చెప్పు."

"నీ తప్పేం లేదు. పదిమందిల అందరికన్న తక్కువ తప్పులు నీయే."

నాడె ఆగింది. "తక్కువైతే పేరెందుకు లేదు?"

గోడకు మేకు మీద నమూనా చీర వేలాడుతోంది. కొత్త రకం మొదలుపెట్టినప్పుడు మొదటి చీరను అలా దాచి, తర్వాత నేసినవన్నీ దాని పక్కన వేసి చూస్తారు. దాన్ని చూపించాను.

"గా నమూనా చీర మీద ఎన్ని తప్పులున్నయని పెద్దయ్య తాత రాస్తడా?"

"ఎందుకు రాస్తడు? మిగిలినయన్ని దాని పక్కన ఏసి సూస్తడు. దాన్ని తీస్కపోయి దేని పక్కన ఏస్తడు?"

"గంతే. నువ్వే నమూనా. అందుకే నీ పేరు లేదు."

అత్త ముఖం కాస్త వెలిగింది. అక్కడితో ఆపితే బాగుండేదేమో గాని, ఒకసారి సగం చెప్పి చేసిన నష్టం చాలు. "కానీ అత్తా, నమూనా అయినవు కాబట్టి మంచిదానివని కాదు. కంప్యూటర్ నంబర్ చూసి నిన్ను తీసుకున్నది. ఎవర్నన్న పెట్టచ్చు. నీ పక్కన పెడ్తె అందరికి ప్లస్ వచ్చింది సూడు, నీ చెయ్యి మంచిదని గందుకు తెలిసింది."

"ఎవర్నన్న పెట్టచ్చా?"

"ఎవర్నన్న. మనుషుల నడుమ తేడా మారది."

అత్త గుంటలోంచి గోడవైపు చూసింది. గజేందర్ ఇంకా చాయ్ పోయిస్తూనే ఉన్నాడు.

"అయితే వాన్ని పెట్టు."

"గజేందరన్ననా?"

"వాన్నే. అల్లుని పేరు గోడమీద లేకుంటే ఎట్లుంటదో లింగమూర్తిని గూడ సూడనీ." అని మళ్ళీ నాడె అందుకుంది. "నా పడుగు ఇంకొక్క చీరకున్నది. వారం పడ్తది. పడుగు మీద ఉన్న మనిషిని దింపే మొగోడు సిద్దిపేటల ఇంకా పుట్టలే. అందాంక నువ్వేం జేస్తవో జెయ్యి."

ఆ మధ్యాహ్నం కాలేజీ ల్యాబులో కూర్చుని ప్రోగ్రాంలో ఒకే ఒక్క వరుస చేర్చాను. పక్కన నిలబెట్టాల్సింది పదో నంబరును అని కొట్టాను. ఈసారి అంతా తెలుగులో రాసి, పైన పెద్దక్షరాలతో "ఇవి మార్కులు కావు, తప్పులు. అందరినీ గజేందర్‌తో పోల్చి చూసినది" అని పెట్టాను. పాత బస్టాండు దగ్గర ప్రింటు తీయించి, మంగళవారం పొద్దున్నే వెళ్ళి మొదటి కాగితం పక్కనే అంటించాను. లై నేనే ఉడికించుకుని డబ్బాలో పోసుకుని తీసుకెళ్ళాను.

అరగంటలో షెడ్డంతా గోడ దగ్గరే ఉంది. అన్ని పేర్ల పక్కనా మైనస్‌లు. అన్నిటికన్నా పైన కొండవ్వ, మైనస్ 2.6. గజేందర్ రెండుసార్లు పైనుంచి కిందికి వేలు పెట్టి చదువుకున్నాడు.

"నా పేరేది?" అన్నాడు.

"లేదన్నా," అన్నాను. "పట్టీల పేరు లేకుంటే నూలు లేదనేది మన షెడ్డు పద్ధతే గదా. ఇగ నువ్వు గూడ కండెలు చుట్టుడే."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. లింగమూర్తి కాక గదిలోంచి వచ్చాడు. రెండు కాగితాలూ చూశాడు. ముఖం ఎర్రబడింది.

"నిన్న ఒకటి చెప్పింది, ఇయ్యాల ఇంకోటి చెప్తుంది. గిసొంటి కంప్యూటర్ మాట మేమెట్ల నమ్మాలె?"

నిజానికి అది మంచి ప్రశ్నే. పెద్దయ్య తాతను పిలిచి పెన్సిలు తీయమన్నాను. "తాతా, ఎవరన్న ఇద్దరి పేర్లు చెప్పు."

తాత కాసేపు ఆలోచించి ఐదో మగ్గం పోశయ్య, ఎనిమిదో మగ్గం కిష్టవ్వ అన్నాడు.

"పాత కాయిదంల పోశయ్యకు ఎంత? కిష్టవ్వకు ఎంత?"

"రెండు పాయింట్ ఒకటి. సున్నా పాయింట్ ఎనిమిది."

"నడుమ తేడా?"

తాత అరచేతి మీద రాసుకున్నాడు. "ఒకటి పాయింట్ మూడు."

"ఇప్పుడు కొత్త దాంట్ల చూడు."

"పోశయ్యకు మైనస్ సున్నా పాయింట్ ఐదు. కిష్టవ్వకు మైనస్ ఒకటి పాయింట్ ఎనిమిది." పెన్సిలు మళ్ళీ కదిలింది. తాత కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "అగో, గిదీ ఒకటి పాయింట్ మూడే."

"కొండవ్వకు, గజేందర్‌కు నడుమ?"

"దాంట్ల రెండు పాయింట్ ఆరు. దీంట్ల రెండు పాయింట్ ఆరే."

"కింద గొల్లభామ అని ఉన్నది చూడు తాతా."

"రెండిట్ల మూడు పాయింట్ రెండే. ఎవరు నేసినా గొల్లభామకు గన్ని ఎక్కువైతయన్నట్టు." తాత నావైపు కాదు, లింగమూర్తి కాకవైపు తిరిగాడు. "ఏం మారలేదు అధ్యక్షా. ఎవరి పక్కన నిలబడి సూసినమన్నదే మారింది."

నేను ఇంకో మాట కూడా చెప్పాను, చెప్పకపోతే నేనూ సగం చెప్పినదాన్నే అవుతాను. గజేందర్ నేసిన గొల్లభామలు రెండే కాబట్టి, దాంట్లో అతని చెయ్యి ఎలా ఉంటుందో ఈ లెక్క కచ్చితంగా చెప్పలేదు. నేయిస్తేనే తెలుస్తుంది.

"మరింకేంది?" గుంటలోంచి అత్త గొంతు వినిపించింది. "గజేందర్‌ను రమ్మను. నా పక్క మగ్గం మీద కూచోని ఒక్క గొల్లభామ నెయ్యమను. ఇద్దరి చీరలు పెద్దయ్య బల్లమీద పరుస్తడు. కంప్యూటర్ గూడ వద్దు."

అందరూ గజేందర్ వైపు చూశారు. గజేందర్ నేలవైపు చూశాడు.

అల్లుడి తల అలా వాలిపోవడం లింగమూర్తి కాక భరించలేకపోయాడు. నేను అంటించిన కాగితాన్ని పట్టి లాగాడు. పచ్చి లై కావడంతో అడ్డంగా చిరిగి చేతికొచ్చింది. దాన్ని ఉండచేసి కింద పడేశాడు. "సోమవారం దాంక పాత పట్టీనే ఉంటది. ఒకటో మగ్గం గజేందర్‌దే. ప్రసూనా, నువ్వు రేపటి సంది రాకు."

"సరే కాకా," అన్నాను. "లై మిగిలింది, డబ్బా ఈడనే పెట్టి పోతున్న. మీకే పనికొస్తది."

బయటికి వచ్చాక వెనక్కి చూడకుండా గబగబా నడిచాను. భయం కాదు, కోపం. కొంచెం భయం కూడా.

బుధవారం సాయంత్రం ఇంట్లో పరీక్ష పేపర్లు దిద్దుతుంటే కిష్టవ్వ వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది.

"బిడ్డా, ఎవర్నన్న పెట్టచ్చంటివి గదా. నన్ను పెట్టి ఒక కాయిదం తియ్యి."

"నిన్ను పెడ్తె నీ పేరు పోతది గదా."

"పోనీ. నా పేరు లేని కాయిదం నేనే అంటిస్త. నాకు గూడ నూలియ్యడా, సూస్త."

ఎమ్మెస్సీలో రెండేళ్ళు చదివిన పాఠాన్ని ఆమె ఒక్క పూట పెన్సిలు లెక్క చూసి పట్టేసింది. పట్టడమే కాదు, దాంతో ఏం చెయ్యొచ్చో నాకన్నా ముందు చూసింది.

గురువారం పోశయ్య వచ్చాడు. అతనికి వివరం అక్కర్లేకపోయింది, "నాది గూడ" అన్నాడు అంతే. శుక్రవారం ఇద్దరు, శనివారం నలుగురు. ప్రతి కాగితంలో అవే పేర్లు, వాటి మధ్య అవే తేడాలు. ఒక్కో కాగితంలో ఒక్కో మనిషి లేడు. ఎవరి కాగితం వాళ్ళు మడిచి జేబులోనో కొంగులోనో పెట్టుకుని పోయారు.

ఆదివారం మధ్యాహ్నం గజేందర్ వచ్చాడు. చేతిలో ఒక కాగితం ఉంది. అడ్డంగా చిరిగినచోట టేపు వేసి, ముడతలు చేత్తో సాపు చేసి తెచ్చాడు. లింగమూర్తి కాక ఉండచేసి పడేసినదే.

"నాది ఉన్నది గదా," అన్నాడు. "కొత్తది అవసరం లేదు. రేపు గిదే అంటిస్త."

"మీ మామ ఊకుంటడా?"

"ఊకోడు." కాసేపు ఆ టేపునే గోకుతూ కూర్చున్నాడు. "నాకు గొల్లభామ రాదు ప్రసూనా. గా రెండు చీరలు ఎట్ల నేసిన్నో నాకే తెలుసు. రేపు ఫోటో దిగినంక నెయ్యరాకపోతే నా మొఖం ఏడ పెట్టుకోవాలె? గీ మాట మామకు నేను చెప్పలేను. గీ కాయిదం చెప్తది." లేచి వెళ్ళబోతూ ఆగాడు. "చాయ్ పోసిన్నాడు నువ్వు చెప్పకుంట ఊకున్నవ్ సూడు, గది మంచిగ చెయ్యలే."

ఆ మాట నిజమే. క్షమించమన్నాను.

సోమవారం పొద్దున నేను షెడ్డుకు వెళ్ళాను. రావద్దన్నారు కాబట్టే తప్పకుండా వెళ్ళాను. గోడమీద పది కాగితాలున్నాయి. వారం కిందటిది ఒకటి, దాని చుట్టూ తొమ్మిది. నేను వదిలేసి వచ్చిన డబ్బా ఖాళీ అయిపోయింది. చివరి కాగితాన్ని గజేందర్ అరచేత్తో ఒత్తుతున్నాడు.

లింగమూర్తి కాక వచ్చి గోడముందు నిలబడ్డాడు. ఒక్కో కాగితం చదవడం మొదలుపెట్టాడు. అత్త తప్ప ఎవరూ మగ్గం గుంటలోకి దిగలేదు. స్టోరు తాళంచెవి పట్టుకుని పెద్దయ్య తాత పక్కనే నిలబడ్డాడు.

"ఏ పట్టీ సూసి నూలియ్యమంటవ్ అధ్యక్షా?" అని అడిగాడు. "దీంట్ల కొండవ్వ లేదు. గీ దాంట్ల కిష్టవ్వ లేదు. దీంట్ల పోశయ్య. అన్ని కలుపుకుంటే ఎవ్వరికి లేదు."

లింగమూర్తి కాక టేపు వేసిన కాగితం దగ్గర చాలాసేపు ఆగాడు. అల్లుడివైపు తిరిగాడు. గజేందర్ ఈసారి తల దించలేదు.

"గిది నువ్వే అంటిచ్చినవా?"

"అవు మామా. గా మగ్గం నాకొద్దు."

కాక చూపు నామీద పడింది. "నువ్వెందుకొచ్చినవ్?"

"నేనొస్తే ఏమైతది కాకా? నా పేరు పదిట్ల ఒక్కదాంట్ల గూడ లేదు."

అప్పుడే వెనక కత్తెర చప్పుడైంది. అత్త పడుగు చివర కత్తిరించి, చీరను మడత పెట్టకుండానే భుజాన వేసుకుని గుంటలోంచి పైకొచ్చింది. అందరినీ దాటుకుంటూ పోయి పెద్దయ్య బల్లమీద పరిచింది. తాత కళ్ళజోడు సర్దుకుని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. గొల్లభామలు వరుసగా నడుస్తున్నాయి.

"రెండు," అన్నాడు తాత.

"రాయి. ఒకటో నంబరు," అంది అత్త. తర్వాత లింగమూర్తి కాకవైపు చెయ్యి చాపింది. అడుక్కునే చెయ్యి కాదది, రావలసింది తీసుకునే చెయ్యి. "నూలు."

షెడ్డులో పదిమంది నేతగాళ్ళు ఉన్నారు, ఒక్క నాడె కూడా కదలడం లేదు. కాక గోడను చూశాడు, చాపిన చేతిని చూశాడు. పెద్దయ్య దగ్గర తాళంచెవి తీసుకుని తనే స్టోరు తెరిచాడు.

"పదిమందికి ఇయ్యి," అన్నాడు తాతతో. ఆగి, ఎటో చూస్తూ అన్నాడు. "ఎగ్జిబిషన్ చీరలు వదినె నేస్తది. హైదరాబాదుకు ఫోన్ జెయ్యి ప్రసూనా."

"మీరు రావద్దంటిరి గదా కాకా."

"ఫోన్ జెయ్యి అన్న. ఇగ గా కాయిదాలన్ని పీకుండ్రి."

"ఆగుండ్రి," అంది అత్త. నూలు చుట్టలు చంకలో పెట్టుకుని గోడ దగ్గరికి వచ్చింది. "నేను లేనిది ఏది?"

చూపించాను. వారం రోజులుగా ఎండిన లై, తొందరగా ఊడదు. అత్త గోరుతో ఒక మూల లేపి, తడి గుడ్డతో అద్దుతూ, తెగిన పోగును అతికినంత ఓపికగా దాన్ని చిరగకుండా తీసింది. వారం కిందట చింపేస్తానని నేను కొట్లాడిన కాగితం అదే.

"ఏం జేస్తవత్తా దాన్ని?"

"ఇంట్ల గోడకు అంటిస్త."

"నీ పేరే లేదు గదా దాంట్ల. ఎవరన్న అడిగితే ఏమని చెప్తవ్?"

"నా పక్కన నిలబెట్టి అందర్ని కొలిసిన్రని చెప్త," అంది. కాగితాన్ని చుట్టి నా చేతికిచ్చి, నూలు తీసుకుని ఒకటో మగ్గం వైపు నడిచింది.